లక్ష రూపాయల గేమింగ్ పీసీ, రావిర్యాల కరెంటు

ఈ మధ్య గేమింగ్ పీసీ గురించి ఎవరు సలహా అడిగినా ముందు ఒక లిస్టు తీసి చూపిస్తున్నారు. ఎక్కడో టెక్సాస్‌లోనో టొరంటోలోనో చల్లటి గదిలో కూర్చున్నవాడు తయారుచేసిన లిస్టు అది. డాలర్లు తీసేసి రూపాయలు పెట్టి, పైన 18 శాతం జీఎస్టీ వేసుకుని, ఇదే మిడ్ బడ్జెట్ బిల్డు అంటూ మనవాళ్లు దాన్ని పట్టుకుని షాపులు తిరుగుతున్నారు. ఆ లిస్టులో కరెంటు పోదు. ఎండాకాలం రాదు. పక్క ప్లాటులో బోరు వెయ్యరు, కాంక్రీటు మిల్లరు తిరగదు. గ్రాఫిక్ కార్డు పాడైతే మర్నాడు కొత్తది ఇంటికొస్తుంది. అలాంటి లోకం ఉంటే సంతోషమే, కానీ మనం ఉంటున్నది అక్కడ కాదు కదా.

నేనుండేది రావిర్యాల పక్కన. తెలియనివాళ్ల కోసం: శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి ఔటర్ రింగు రోడ్డు మీద తుక్కుగూడ దాటి ఆదిబట్ల వైపు వస్తుంటే తగిలే ఊరు. ఇప్పుడు అందరికీ వండర్‌లా ఉన్న ఊరుగానే తెలుసు. మా చుట్టూ వెంచర్లు, వాటి నిండా ఇటుకలు, ఇసుక, సిమెంటు. వేసవి సాయంత్రం ఏడింటికి అన్ని ఇళ్లలో ఏసీలు ఒకేసారి ఆన్ అవుతాయి. ట్యూబులైటు ఒకసారి కన్ను కొడుతుంది. ఇక్కడ పీసీ బిల్డు చెయ్యడమంటే మొదట ఆ కన్నుకొట్టడానికి సమాధానం చెప్పాలి, తరవాతే ఫ్రేములు లెక్కపెట్టుకోవాలి. నేను చెప్పదలుచుకున్నదంతా ఇదే. మిగతాదంతా దీనికి వివరణ.

ఈ ఊరికి, కంప్యూటరు విడిభాగాలకి ఒక పాత చుట్టరికం ఉంది. నా వయసు వాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. 2006లో, వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ఇక్కడ ఫ్యాబ్ సిటీ అన్నారు. సెమ్‌ఇండియా అనే కంపెనీ 300 కోట్ల డాలర్ల పెట్టుబడితో చిప్పుల ఫ్యాక్టరీ పెడుతుందని, దానికి టెక్నాలజీ ఏఎమ్‌డీ ఇస్తుందని పేపర్లన్నీ రాశాయి. అవును, ఆ ఏఎమ్‌డీయే. ఇవాళ మనం రైజెన్, రేడియాన్ అని కొనుక్కునే కంపెనీ. ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో మొదలైంది. చిప్పుల ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. రెండు మూడేళ్లలోనే ఆ మాట ఆగిపోయింది. ఆ భూముల్లోకి సోలార్ కంపెనీలు వచ్చాయి, తరవాత దాన్ని ఈ-సిటీ అన్నారు. 2021లో ప్రీమియర్ ఎనర్జీస్ వాళ్ల సోలార్ ఫ్యాక్టరీ తెరిచారు. ఆ పక్కనే కొంగర కలాన్‌లో 2023లో ఫాక్స్‌కాన్‌కి శంకుస్థాపన జరిగింది. జనం నోట్లో మాత్రం ఇప్పటికీ అది ఫ్యాబ్ సిటీయే. ఫ్యాబ్ లేని ఫ్యాబ్ సిటీ అన్నమాట :)

ఇంకో తమాషా ఉంది. సెమ్‌ఇండియాకి టెక్నాలజీ ఇస్తానన్న ఏఎమ్‌డీ, 2008 అక్టోబరులో తన సొంత ఫ్యాక్టరీలనే విడగొట్టేస్తున్నానని ప్రకటించింది. 2009 మార్చికల్లా అవి గ్లోబల్‌ఫౌండ్రీస్ అనే వేరే కంపెనీ అయిపోయాయి. ఇవాళ రైజెన్ 7000 సిరీస్ ప్రాసెసర్ల కోర్లు తయారయ్యేది తైవాన్‌లో, టీఎస్ఎమ్‌సీ 5 నానోమీటర్ పద్ధతిలో. డిజైన్ పని చేసే ఇంజినీర్లు మాత్రం హైదరాబాద్‌లో కూడా బోలెడంతమంది ఉన్నారు. ఏఎమ్‌డీకి, ఎన్విడియాకి, ఇంటెల్‌కి ముగ్గురికీ ఇక్కడ ఆఫీసులున్నాయి. బొమ్మ గీసేది మనవాడు, కుండ చేసేది తైవాన్ వాడు, కొనేటప్పుడు దిగుమతి ధర ఇచ్చేది మళ్లీ మనమే.

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, మూడేళ్ల తరవాత తాను ఎక్కడుంటుందో ఏఎమ్‌డీ అంతటి కంపెనీకే తెలియలేదు. మనవాళ్లు మాత్రం మదర్‌బోర్డు కొనేటప్పుడు "ఐదారేళ్లు ఫ్యూచర్ ప్రూఫ్‌గా ఉండాలన్నా" అంటుంటారు. ఈ ఫ్యూచర్ ప్రూఫ్ అన్న మాట గురించి కిందట మళ్లీ మాట్లాడతాను. ముందు లిస్టు సంగతి చూద్దాం.

మా చిన్నమ్మ కొడుకు ఇబ్రహీంపట్నం దగ్గర బీటెక్ చదువుతున్నాడు. వాడికి మా చిన్నాయన చీటీ ఎత్తి లక్ష రూపాయలిచ్చాడు. చీటీ డబ్బంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఎత్తింది ఇవాళే అయినా నెల నెలా కట్టుకుంటూ పోవాల్సిన డబ్బు. డబ్బా చెడిపోయినా చీటీ ఆగదు. వాడు తెచ్చిన లిస్టులో ఏముందంటే: ఆర్‌టీఎక్స్ 5070 కార్డు, ఐ5 12400ఎఫ్ ప్రాసెసరు, దొరికినవాటిలో చవక హెచ్610 బోర్డు, ఒకే ఒక్క 16 జీబీ ర్యామ్ పుల్ల, నాలుగు పక్కలా అద్దం, ఆరు రంగుల ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్, "650 వాట్స్ ఎస్ఎంపీఎస్". ఏ కంపెనీ ఎస్ఎంపీఎస్ అంటే రాయలేదు. మానిటరు లేదు, ఇంట్లో ఉన్న పాత 60 హెర్ట్జ్ టీవీకి తగిలిస్తాడట. యూపీఎస్ మాటే లేదు.

"ఎస్ఎంపీఎస్ ఏది రా?" అని అడిగాను.

"షాపాయన మంచిదే ఏస్తడంట అన్నా. అందరికీ గదే ఏస్తున్నడంట."

"యూపీఎస్?"

"ఇన్వర్టర్ ఉంది గదన్నా ఇంట్ల."

వాడిని తప్పుపట్టను. వాడు చూసిన వీడియోల్లో ఈ రెండిటి గురించీ ఎవరూ మాట్లాడలేదు, ఎందుకంటే వాటికి ఫ్రేములు పెరగవు. కానీ సగం పైన డబ్బు ఒక్క కార్డులో పోసి, ఆ 250 వాట్ల కార్డుకి పేరు లేని డబ్బా నుంచి కరెంటు ఇవ్వడం అంటే, పట్టుచీరె కొని ముళ్లకంచె మీద ఆరేసినట్టే.

అసలీ ఎస్ఎంపీఎస్ దగ్గరే మొదలుపెడదాం. మనవాళ్లు దీన్ని చివర్లో, మిగిలిన చిల్లరతో కొంటారు. పెట్టె మీద 650 అని రాసి ఉంటే చాలనుకుంటారు. చూడాల్సింది పెట్టె కాదు, పక్కన అంటించిన స్టిక్కరు. గ్రాఫిక్ కార్డు, ప్రాసెసరు రెండూ తీసుకునేది 12 వోల్టుల లైను నుంచే. ఆ గడిలో 18 ఆంపియర్లు అని ఉందనుకోండి, 12 ఇంటూ 18, అంటే 216 వాట్లు. పైన ఎంత పెద్ద అంకె రాసినా నిజంగా పనికొచ్చేది అంతే. సరైన 550 వాట్ల దాంట్లో ఆ గడిలో 45 ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే 540 వాట్లు. ఈ గుణకారం చెయ్యడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, అయిదో తరగతి చాలు. కానీ బీటెక్‌లు చేసిన మనమే చెయ్యం.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి కూడా నాణ్యతకి గుర్తులు కావు. గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం లోపలికి చేరుతోందో చెప్పే గుర్తులు మాత్రమే. నాణ్యత అంటే ఓవర్ కరెంటు, ఓవర్ వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయా, 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుందా, వారంటీ ఎన్నేళ్లు అన్నవి. కన్ను కొట్టే ట్యూబులైటుకి జవాబు అక్కడ ఉంది. మంచి ఎస్ఎంపీఎస్ సాయంత్రం 180 వోల్టులొచ్చినా నిబ్బరంగా పనిచేస్తుంది. 200 నుంచి 240 మాత్రమే అని రాసి ఉన్నవి కొన్ని చవకరకాలు దొరుకుతాయి, వాటికి మా వీధిలో బతుకు లేదు.

ఇక ఇన్వర్టర్ సంగతి. కరెంటు పోయిన క్షణానికి, ఇన్వర్టర్ అందుకునే క్షణానికి మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో పీసీని నిలబెట్టేది ఎస్ఎంపీఎస్‌లో ఉండే పెద్ద కెపాసిటరు. మంచిదాంట్లో పూర్తి లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లు ఆపుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక చుట్టే 20 మిల్లీసెకన్లు, కాబట్టి అది ఒక చుట్టు కూడా కాదు. చవకదాంట్లో ఆ కెపాసిటరు చిన్నది పెడతారు, అక్కడే మిగులుతుంది కంపెనీకి. మామూలు మోడులో ఉన్న ఇంటి ఇన్వర్టర్ అంత తొందరగా మారదు. చాలా ఇన్వర్టర్ల వెనక "యూపీఎస్ మోడ్" అని ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని వేసుకుంటే కొంత నయం. కానీ స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే పీసీ జోలికి దాన్ని రానివ్వకపోవడమే మంచిది.

పోనీ యూపీఎస్ కొందామంటే, అందరూ కొనే 600 వీఏ డబ్బాని చూడండి. దాని మీద వీఏ పెద్దక్షరాల్లో ఉంటుంది, వాట్లు చిన్నక్షరాల్లో ఉంటాయి. చాలావాటిలో 360. ఇప్పుడు లెక్క వెయ్యండి. రైజెన్ 5 7600 గట్టిగా పనిచేస్తే 88 వాట్ల దాకా తీసుకుంటుంది. 160 నుంచి 180 వాట్ల కార్డు. బోర్డు, ఫ్యాన్లు, డిస్కు కలిపి ఓ 40. వెరసి 300. ఎస్ఎంపీఎస్‌లో పోయేది కలుపుకుంటే గోడ దగ్గర 340. మానిటరు ఓ 30. అయ్యింది 370. ఆట మధ్యలో కరెంటు పోతే 360 వాట్ల యూపీఎస్ కుయ్యిమని ఒక కూత కూసి అది కూడా పోతుంది. కాబట్టి 1000 వీఏ, 600 వాట్లు ఉన్నది కావాలి. ఆట సాగించడానికి కాదు, సేవ్ చేసుకుని పద్ధతిగా షట్‌డౌన్ చెయ్యడానికి. కొనేముందు ఆ యూపీఎస్ మన ఎస్ఎంపీఎస్‌లోని యాక్టివ్ పీఎఫ్‌సీతో సరిగా నడుస్తుందో లేదో కనుక్కోవాలి, చవక యూపీఎస్‌ల దొంగ సైన్ వేవ్‌తో కొన్నిటికి పడదు.

ఇంకో చిన్న విషయం. మన ఇళ్లలో పీసీ క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది. "కొంచెం షాక్ కొడుతుంది, అలవాటైపోతుంది" అంటారు. అలవాటు చేసుకోవాల్సిన విషయం కాదది. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటులోని చెత్తని వడగట్టే ఫిల్టరు ఉంటుంది, అందులోంచి కారే కాస్త కరెంటు ఎర్తింగ్ వైరులో పోవాలి. ఎర్తింగ్ లేకపోతే అది క్యాబినెట్ రేకు మీదే నిలబడుతుంది, మన చెయ్యి తగిలితే మనలోంచి పోతుంది. కొత్త ఇళ్లలో కూడా మూడో పిన్ను ఉత్త అలంకారంగా ఉండటం చాలాచోట్ల చూశాను. లక్ష రూపాయల పీసీ పెట్టేముందు ఒక ఎలక్ట్రీషియన్ని పిలిపించి ఎర్తింగ్ చూపించుకుంటే అయ్యే ఖర్చు ఒక రంగుల ఫ్యాన్ ఖరీదంత ఉండదు.

తరవాత ఎండ, దుమ్ము. రివ్యూల్లో కార్డు 68 డిగ్రీల్లో ఉందంటే ఆ గదిలో ఇరవయ్యో ఇరవై రెండో ఉండి ఉంటుంది. మా ఇంట్లో మే నెల మధ్యాహ్నం గదిలోనే 36. బయట గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపల కూడా దాదాపు అన్ని డిగ్రీలూ పెరుగుతాయి. అంటే ఇక్కడ అదే కార్డు 80 దాటుతుంది, ఫ్యాను విమానంలా మోగుతుంది, వేగం తగ్గించుకుంటుంది. విమానాల మోత మాకెలాగూ ఉంది, ఇది కూడా ఎందుకు? ముందు పక్క అద్దం ఉన్న క్యాబినెట్ అక్వేరియంకి బాగుంటుంది. మనక్కావాల్సింది ముందు జాలీ, దాని వెనక తీసి కడుక్కునే ఫిల్టరు. లోపలికి గాలి ఊదే ఫ్యాన్లు బయటికి లాగేవాటికన్నా ఎక్కువ ఉండాలి. అప్పుడు సందుల్లోంచి దుమ్ము లోపలికి పీల్చుకోదు, వచ్చే గాలంతా ఫిల్టరు గుండానే వస్తుంది. రెండు నెలలకోసారి ఆ ఫిల్టరు దులుపుకుంటే చాలు. 65 వాట్ల ప్రాసెసర్‌కి నీళ్ల కూలరు అక్కర్లేదు. 7600తో పెట్టెలో వచ్చే కూలరుతోనే నడుస్తుంది, మోత నచ్చకపోతే ఒక మామూలు టవర్ కూలరు వేసుకోవచ్చు.

సరే, ఇప్పుడు అందరూ ముందు చూసేదానికి వద్దాం: కార్డు. కార్డుని మానిటరు నిర్ణయించాలి, మానిటరుని కార్డు కాదు. 1080పీ అంటే దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు. 1440పీ అంటే 36.9 లక్షలు. 4కే అంటే 83 లక్షలు. 60 హెర్ట్జ్ టీవీకి 5070 తగిలిస్తే, అది చేసే పనిలో సగం కంటికి కనపడదు. లక్ష లోపల 1080పీ, 144 హెర్ట్జ్ పైన ఉన్న ఐపీఎస్ మానిటరు న్యాయమైన ఎంపిక. ఇంకాస్త పెట్టగలిగితే 1440పీ.

కార్డుల్లో ఈ తరగతిలో ఉన్నవి ఆర్‌టీఎక్స్ 5060, 5060 టీఐ, ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ. మూడూ 2025లో వచ్చినవే. మొదటిది 8 జీబీ, మిగతా రెండిటిలో 8, 16 అని రెండు రకాలు ఒకే పేరు మీద అమ్ముతున్నారు. ఇది కొనేవాణ్ణి బురిడీ కొట్టించడమే, మరో మాట లేదు. షాపులో "9060 ఎక్స్‌టీ" అని మాత్రమే రాసిస్తే ఎంత జీబీయో రాయించుకోండి. నా ఓటు 16 జీబీ 9060 ఎక్స్‌టీకి. ఈ మధ్య పెద్ద ఆటలు 1080పీలో కూడా టెక్స్చర్లు పూర్తిగా పెడితే 8 జీబీ దాటుతున్నాయి. దాటినప్పుడు ఫ్రేములు తగ్గడం ఒక్కటే కాదు, ఆట ఎక్కిళ్లు పెడుతుంది. అయితే కొనేది విద్యార్థి అయి, మెషీన్ లెర్నింగ్ గట్రా నేర్చుకునే ఉద్దేశం నిజంగా ఉంటే ఎన్విడియా తీసుకోవడమే తెలివి. అక్కడ కూడాదే రాజ్యం. "నిజంగా" అన్న మాట గమనించండి. నాన్నకి చెప్పడానికి మెషీన్ లెర్నింగ్, ఆడటానికి వాలొరంట్ అయితే ఈ వాదన పనికిరాదు.

ప్రాసెసరు దగ్గర మన దేశానికి మాత్రమే వర్తించే ఒక కారణం చెబుతాను. ఇంటెల్ వాటిలో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. రైజెన్ 5 5600లో కూడా ఉండవు. 7600లో చిన్నది ఒకటి ఉంటుంది. దాంతో ఆటలు ఆడలేం, కానీ తెర వెలుగుతుంది. మన దగ్గర కార్డు పాడై వారంటీకి ఇస్తే వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ ఎఫ్ ప్రాసెసరు ఉన్నవాడి లక్ష రూపాయల పీసీ నల్లటి తెర. 7600 ఉన్నవాడు అసైన్‌మెంట్ రాసుకోగలడు, ఇంటర్వ్యూకి కూర్చోగలడు. పైగా 7600 వేసే ఏఎమ్5 సాకెట్‌కి 2027 దాకా, ఆ పైన కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎమ్‌డీ చెప్పింది. ఇంటెల్ 12400ఎఫ్ సాకెట్ కథ ముగిసింది, 2024 అక్టోబరు నుంచి వాళ్లు వేరే సాకెట్‌కి వెళ్లిపోయారు.

ర్యామ్ గురించి మాట్లాడాలంటే ఏడుపొస్తోంది. 2025 చివరి నుంచి ధరలు రెండు మూడు రెట్లయ్యాయి. ఏఐ డేటా సెంటర్లకి మెమొరీ అమ్మితే ఎక్కువ లాభం కాబట్టి శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మూడూ అటు తిరిగాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ ఏకంగా క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారమే మూసేస్తున్నానని ప్రకటించింది. పొద్దున్నంతా ఆఫీసులో ఏఐ ఏఐ అని జపం చేసే మనం, సాయంత్రం ఇంటికొచ్చి ర్యామ్ ధర చూసి అదే ఏఐని తిట్టుకోవాలి. ఈ పరిస్థితిలో 32 జీబీ కోసం కార్డుని తగ్గించుకోవద్దు. 16తో మొదలుపెట్టండి. రెండు పుల్లలుంటే మంచిదే, వేగం తేడా ఉంటుంది. కానీ డబ్బు అందకపోతే ఒక 16 జీబీ పుల్ల ఇప్పుడు, రెండోది ధర దిగాక వేసుకోవడం నేరమేమీ కాదు. బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో ఆన్ చెయ్యడం మాత్రం మరచిపోవద్దు. చాలామంది ఖరీదైన ర్యామ్ కొని దాన్ని నెమ్మదిగానే నడుపుకుంటుంటారు. ఎస్ఎస్‌డీ మామూలు జెన్4 చాలు. సెకనుకి 7000 ఎంబీ అని ఉన్నదానికి, 3500 ఉన్నదానికి ఆట తెరుచుకోవడంలో తేడా స్టాప్‌వాచ్‌కే తెలుస్తుంది, మనకి కాదు.

ఇదంతా కలిపి లక్షకి నా పంపకం ఇలా ఉంటుంది. కార్డుకి 31 శాతం. ప్రాసెసరు, బోర్డు కలిపి 26. ర్యామ్, ఎస్ఎస్‌డీ కలిపి 18. మానిటరుకి 10. ఎస్ఎంపీఎస్‌కి 6. యూపీఎస్‌కి 5. క్యాబినెట్‌కి 4. మోడళ్ల ధరలు రాయడం లేదు, అవి వారం వారం మారుతున్నాయి. ఆ 31లో 16 జీబీ కార్డు పట్టని వారమైతే ఎక్కడ తగ్గించాలన్నది మీ ఇష్టం, ఎస్ఎంపీఎస్, యూపీఎస్ 11 శాతం జోలికి మాత్రం వెళ్లకండి. మా తమ్ముడి మొదటి లిస్టులో ఈ 11 కాస్తా 2 అయి కూర్చుంది.

ఇప్పుడు ఫ్యూచర్ ప్రూఫ్ సంగతి. భవిష్యత్తుని కొనలేం అనడం లేదు. కొన్ని భాగాల్లో కొనగలం, కొన్నిటిలో కొనలేం. తేడా తెలుసుకోవడానికి వారంటీ కాగితం చాలు. గ్రాఫిక్ కార్డుకి సాధారణంగా మూడేళ్లిస్తారు. మంచి ఎస్ఎంపీఎస్‌కి ఐదు నుంచి పదేళ్లిస్తారు. ఏది ఎన్నాళ్లు నిలుస్తుందో తయారుచేసినవాడే రాసిచ్చాడు. ఎస్ఎంపీఎస్, క్యాబినెట్, మానిటరు, యూపీఎస్ ఈ నాలుగూ వచ్చే పీసీలోకి కూడా నడిచొస్తాయి. సాకెట్ కొంతవరకు వస్తుంది. 2017 మార్చిలో మొదటి రైజెన్‌తో ఏఎమ్4 కొన్నవాళ్లలో చాలామంది, బయాస్ అప్‌డేట్ చేసుకుని, 2022లో వచ్చిన 5600ని అదే బోర్డులో వేసుకున్నారు. కార్డు మాత్రం అలా రాదు. ఇవాళ పాతికవేలు ఎక్కువ పెట్టి కొన్న కార్డు, మూడేళ్ల తరవాత పాతికవేలకి వచ్చే కొత్త కార్డు ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది. మనవాళ్లు చేసేది సరిగ్గా తిరగేసిన పని. పాతబడే దాంట్లో భవిష్యత్తు పేరుతో డబ్బు పోస్తారు, నిలిచేవాటిని చిల్లరతో కొంటారు. ఫ్యాబ్ సిటీ అయినా, మన పీసీ అయినా, భవిష్యత్తు పేరు చెప్పి ఎవరైనా డబ్బడిగితే మూడేళ్ల తరవాత చేతిలో ఏం మిగులుతుందో ముందు అడగాలి.

ఎక్కడ కొనాలి అంటే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ ఉండనే ఉంది. చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఆన్‌లైన్ ధరతో పోల్చి చూసుకుని వెళ్లండి, కానీ వెళ్లండి. మనిషి ఎదురుగా ఉంటే బేరం కుదురుతుంది, పాడైతే అడగడానికి ఒక కౌంటరు ఉంటుంది. మా వాడితో నేను కూడా ఒక షాపుకి వెళ్లాను. పేరెందుకులెండి. బిల్లులో "కంప్యూటర్ సెట్, 1" అని ఒకే లైను రాసిచ్చాడు. ఒక్కో భాగం, దాని మోడలు, సీరియల్ నంబరు, జీఎస్టీ విడివిడిగా రాయమంటే "గట్ల ఎవరూ అడగరు సార్" అన్నాడు. అడగరనే కదా ఆయన ధైర్యం. మేం బయటికొచ్చి, రాసిచ్చే వేరే షాపులో కొన్నాం. వారంటీ అనేది షాపాయన మంచితనం మీద ఉండకూడదు, కాగితం మీద ఉండాలి. సీలు విప్పిన కార్డు, "ఇంపోర్టెడ్ పీస్" అని తక్కువకిచ్చే కార్డు రెండూ దండం పెట్టి వదిలేయండి. ఇక్కడ వారంటీ చెల్లని వస్తువు ఎంత చవకైనా ఖరీదే.

"ఇంత తలనొప్పి ఎందుకు, గేమింగ్ ల్యాప్‌టాప్ కొంటే పోలా? బ్యాటరీ ఉంటుంది, యూపీఎస్ అక్కర్లేదు" అనేవాళ్లున్నారు. హాస్టలు మారేవాడికి, రెండు ఊళ్ల మధ్య తిరిగేవాడికి అది సరైన మాటే, వాదించను. కానీ ఇంట్లో ఉండేవాడికి, అదే డబ్బుకి డెస్క్‌టాప్ ఎక్కువ పని చేస్తుంది, వేడిని బాగా తట్టుకుంటుంది, ఒక భాగం పోతే ఆ భాగమే మార్చుకోవచ్చు. చీటీ డబ్బుతో కొనేవాడికి ఈ చివరిది అన్నిటికన్నా పెద్ద కారణం. "ఆటల కోసం లక్షా?" అనే పెద్దవాళ్లకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మా చిన్నాయన కూడా అదే అడిగాడు. కానీ ఒక స్క్రూ డ్రైవరు పట్టుకుని, ఏ వైరు ఎక్కడికి పోతుందో, ఎందుకు పోతుందో తెలుసుకుని తన చేతులతో ఒక మెషీన్ లేపినవాడు, నాలుగేళ్ల బీటెక్‌లో చాలామంది నేర్చుకోనిది ఒక మధ్యాహ్నంలో నేర్చుకుంటాడని నా నమ్మకం.

మన ఆఫీసుల్లో రిక్వైర్‌మెంట్లు రాయకుండా ఎవడైనా ఆర్కిటెక్చర్ బొమ్మలు గీస్తే రివ్యూలో ఏకిపారేస్తాం. పీసీ దగ్గరకొచ్చేసరికి మనమే ఎవడిదో బొమ్మ తెచ్చుకుని కట్టేసుకుంటున్నాం. లిస్టు ఎవరిదైనా తీసుకోండి, తప్పులేదు. దాని పైన నాలుగు లైన్లు మీవి రాసుకోండి: మా వీధిలో సాయంత్రం వోల్టేజీ ఎంత, మే నెలలో నా గది వేడి ఎంత, ఇంట్లో ఎర్తింగ్ ఉందా, కార్డు నెల రోజులు లేకపోతే నా పని నడుస్తుందా. ఈ నాలిటికి జవాబు రాశాక లిస్టులో సగం దానంతటదే మారిపోతుంది. మీ ఊళ్లో అయిదో లైను ఏమైనా ఉంటే అది కూడా చెప్పండి. సముద్రం పక్కనున్న విశాఖ వాళ్లకి ఉప్పుగాలి ఉంటుంది కదా మరి.